తలుపు తెరిచిన భద్రతా వారోత్సవం

"కార్మికుల కళ్లే మా కళ్లు!"

రెండు వేల ఏడులో, అనంతపురం శివార్లలోని తన స్టీలు సామాన్ల ఫ్యాక్టరీ గేటుకు యజమాని గోవిందప్పగారు కట్టించిన బ్యానరిది. అందులో కళ్లకన్నా ఆయన మీసాలే పెద్దవిగా పడ్డాయి. భద్రతా వారోత్సవం ముగింపు సభ మరి!

బ్యానరు చూడగానే రామాంజినమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. కళ్ల గురించి ఇంత పెద్దగా రాశారంటే ఎవరికో పోయే ఉంటాయి! బడి ఐదో తరగతిలోనే మానేసినా, భయపడటంలో ఆమె పెద్ద చదువులన్నీ చదివింది. బస్సు ఆలస్యమైతే లోయలో పడిందనుకుంటుంది, ఆ దారిలో లోయే లేకపోయినా.

కూతురు జయంతి అక్కడ లేజర్ వెల్డింగ్ మిషన్ నడుపుతుంది. ఇంట్లో ఎన్నోసార్లు చెప్పింది.

"ఆ వెలుగు కంటికి కనపడదు మా. యాడన్నా తగిలి ఎగిరొచ్చినా కన్ను పోతాది. నాలుగో తరగతి ప్రమాదం, అన్నిటికంటే పెద్దది. పెట్టెలో పెట్టి మూసినారు కాబట్టి బయటోళ్లకు ఒకటో తరగతే, భయం లేదు. తలుపు తీస్తే స్విచ్చి లేచి వెలుగు తానే ఆరిపోతాది."

"ఆ స్విచ్చికి జ్వరమొస్తే?"

జయంతి నవ్వేసి డ్యూటీకి పోయింది. అందుకే రామాంజినమ్మ కదిరిలో మొక్కి తెచ్చిన ఎర్రదారం కూతురి చేతికి కడదామని వచ్చింది. సభకు కార్మికుల తల్లులను పిలవడం గోవిందప్పగారి ఆనవాయితీ. తల్లులు చప్పట్లు బాగా కొడతారు!

సభ జయంతి మిషన్ ముందే పెట్టారు. దాన్ని ఫోటో తీయబోయి ఫోటోగ్రాఫరు పెదవి విరిచాడు. "మూసిన పెట్టె బీరువా మాదిరి పడతాది సార్. తలుపు తీస్తే నిప్పురవ్వలు పడతాయి. పేపరోళ్లు ఏసుకుంటారు."

"తీయండప్పా!" అన్నారు గోవిందప్పగారు.

తీశారు. వెలుగు ఆరిపోయింది. సూపర్‌వైజర్ నల్లప్ప చూపు రామాంజినమ్మ చేతిలోని దారం మీద పడింది.

"ఇట్లియ్యక్కా, మంచి పనికే!"

స్విచ్చి నొక్కిపెట్టి దారంతో బిగించేశాడు. తలుపు బార్లా తెరిచి ఉన్నా, మూసే ఉందని మిషన్ నమ్మింది. భద్రతా సభలో మొదట మోసపోయింది అదే.

"ఇట్ల చేయకూడదు సార్," అంది జయంతి. "కండ్లద్దాలన్నా ఇయ్యండి."

"అవి బీరువాలో ఉండాయి పాపా, అతిథులు చూసేదానికి. తాళంచెవి యాడుందో! ఒక్క ఫోటో కదా, దీపం ముట్టించినట్టే. మీట నొక్కు," అన్నారు గోవిందప్పగారు.

పుట్టి బుద్ధెరిగాక రామాంజినమ్మ భయపడినదే జరగబోవడం ఇదే మొదలు! వద్దంటే కూతురి ఉద్యోగం, ఊరుకుంటే కూతురి కళ్లు. నిజంగా దీపమే అయితే ఆ పుణ్యం పెద్దింటి బిడ్డకే దక్కాలని తోచింది.

"సామీ! బోరేసినా, బండి కొన్నా మొదట మీట నొక్కేది ఇంటి పెద్దకొడుకే కదా మన పక్క? మీ హర్షబాబు చేత్తోనే కానీయండి!"

తల్లులందరూ చప్పట్లు కొట్టారు. "భేష్!" అన్నాడు ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి. ముందు వరసలో కూర్చున్న హర్షబాబు క్రాపు సర్దుకుని వచ్చి, మీట మీద వేలు పెట్టి, తెరిచిన తలుపులోకి వంగి చూశాడు.

"రేయ్, వెనక్కి రారా! కండ్లు పోతాయి!"

గోవిందప్పగారి కేక మైకులో గేటు బయటి దాకా వినిపించింది. చప్పట్లు ఆగిపోయాయి. అధికారి తన కుర్చీని నెమ్మదిగా వెనక్కి జరుపుకున్నాడు.

"దీపం మాదిరే అంటిరి కదా సామీ?" అంది రామాంజినమ్మ.

గోవిందప్పగారు గొంతు సవరించుకున్నారు. "చూసినారా! తలుపు తీస్తే ఎంత ప్రమాదమో తెలియజేసేదానికే ఈ ప్రదర్శన!"

మళ్లీ చప్పట్లు! నల్లప్ప దారం విప్పి తలుపు మూశాడు. బీరువా తాళంచెవి గోవిందప్పగారి జేబులోనే దొరికింది.

రామాంజినమ్మ దారం తీసుకుని కూతురి చేతి వైపు చూసింది. మిషన్ వైపు చూసింది. "నీకంటే దీనికే అవసరం," అని తలుపు పిడికి ముడి మీద ముడి వేసింది.

మరునాడు పేపర్లో ఫోటో పడింది. దారం కట్టిన తలుపు పక్కన, రక్షణ కళ్లద్దాలతో గోవిందప్పగారు. కింద, "కార్మికుల కోసం మిషన్‌కే రక్ష కట్టించిన యజమాని."

జయంతి పడీ పడీ నవ్వింది. రామాంజినమ్మ మాత్రం ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్లీ భయపడింది.

"అయ్యో, అద్దాలకు ప్లాస్టిక్ కవరు తీయనే లేదు! ఆయప్పకు ముందర ఏముండాదో ఎట్ల కనపడతాదే?"