కూర్మయ్య గారి ఆఖరి కోరిక

ఒక పెద్ద అడవిలో ఆ రోజు ఎవరూ పని చెయ్యకూడదని చట్టం. అడవి స్థాపకుడు కూర్మయ్య గారి జయంతి మరి! నీళ్ల కోసం కొట్టుకు చస్తున్న జంతువులన్నిటినీ ఒకచోట చేర్చి, కొండవాగు నుంచి కాలువ తవ్వించి, సభ పెట్టించిన మహానుభావుడాయన.

ఈ జయంతి సంగతి తెలియని ప్రాణి అడవి మొత్తానికి ఒక్కటే, సాక్షాత్తూ కూర్మయ్య.

ఆ ముసలి తాబేలు ఎప్పుడో పదవి వదిలేసి అడవి చివర మడుగులో ఉంటున్నాడు. ఇప్పుడు కాలువ పూడిపోయి మడుగు ఎండింది. మనవలు బురదలో వగరుస్తున్నారు. మహా అయితే ఇంకో ఇరవై రోజులు ఆగుతుంది ఆ బురద అనుకున్నాడు. అందుకే పదిరోజులు నడిచి, అర్జీ పట్టుకుని సభ కార్యాలయానికి వచ్చాడు.

గుమ్మంలో బంట్రోతు ముళ్లపంది అడ్డం పడ్డాడు.

"ఇవాళ సెలవు తాతా."

"ఏం సెలవు నాయనా?"

"కూర్మయ్య గారి జయంతి. ఏ లోకంలో ఉన్నావు?"

"నేనేనయ్యా కూర్మయ్యని!"

బంట్రోతు ఎదురుగా ఉన్న విగ్రహం వంక చూశాడు. అది రెండు కాళ్ల మీద నిలబడి, ఛాతీ విరుచుకుని, ఏనుగంత ఎత్తుంది. "ఊరుకో తాతా, ఆయన పరువు తియ్యకు," అన్నాడు.

అంతలో విగ్రహానికి దండ వేసి వస్తున్న కార్యదర్శి కొండముచ్చు, తాబేలు డిప్ప మీది నెర్రె చూసి ఆగిపోయాడు. కాలువ తవ్వేటప్పుడు బండ పడి చీలిన నెర్రె అది. ఏటా ఉపన్యాసంలో దాని గురించే చెబుతాడు.

"మీరు బతికే ఉన్నారా? ఎంత పని చేశారండీ!"

"నేనేం చేశాను?"

"వచ్చే వారం మీ వర్ధంతి. ముప్పై ఏళ్లుగా మీ కబురు లేకపోతే నేనే ఒక తేదీ పెట్టాను. ముందురోజు ఏర్పాట్లకి, మర్నాడు అలసటకి, వెరసి మూడు రోజులు సెలవు. మీరున్నారని తేలితే అన్నీ రద్దే కదా!"

రద్దన్న మాట చెవిన పడగానే జంతువులన్నీ మూగాయి. ఎలుగుబంటి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మూడు రోజులూ అత్తారింట్లో ఉంటానని మాటిచ్చానండీ. కాస్త పెద్దమనసు చేసుకోండి."

కూర్మయ్యకి మనసు చివుక్కుమంది. వీళ్ల తాతల దాహం తీర్చడానికే కదా తను వీపు పగలగొట్టుకుంది! అయినా అర్జీ అందించాడు. "నా సంగతి తర్వాత. కాలువ పూడిక తీయించండి, పిల్లలు చచ్చిపోయేలా ఉన్నారు."

"పరిశీలిస్తాం. సెలవులయ్యాక రండి," అన్నాడు కొండముచ్చు. ఆ నోటితోనే కూర్మయ్య గారు ఇక లేరని తీర్మానం పెట్టాడు. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. కింద వేలిముద్ర వెయ్యమని కూర్మయ్యనే అడిగారు.

ఆయన వెయ్యబోయి ఆగాడు. "పోయేవాడికి ఆఖరి కోరిక ఉంటుంది కదా. అదీ రాయండి. నా వర్ధంతికి మూడు రోజులూ అందరూ కలిసి కాలువ పూడిక తియ్యాలి."

"ఆహా, పోతూ పోతూ కూడా మన గురించే!" అని కుందేలు వెక్కింది. చప్పట్లు మోగాయి. కొండముచ్చు నోరు తెరిచాడు గానీ మూసేశాడు. స్థాపకుడి ఆఖరి మాట కాదన్నవాడు అడవి ద్రోహి అని కిందటేడు చట్టం చేసింది తనే.

కూర్మయ్య ఇంటిదారి పట్టాడు. మనవలు ఎలా ఉన్నారోనని దారి పొడుగునా ఒకటే బెంగ. తొమ్మిదో రోజున వెనక నుంచి గలగలమని చప్పుడు. చూస్తే పక్క కాలువలో నీళ్లు! గబుక్కున దిగి, ఈదుకుంటూ పోయాడు.

ఎగువన ఎలుగుబంటి బురద కడుక్కుంటూ గొణిగాడు: "ఈయన బతికున్నా బాగుండేది!"

నీతి: అర్జీ త్వరగా కదలాలంటే ముందు అర్జీదారు పోవాలి.