పళ్ల మాస్టారికి పట్టిన అదృష్టం

విమానాశ్రయంలో వందమంది వరసలో నిలబడి ఉండగా, యూనిఫాం వేసుకున్న ఒకాయన మిమ్మల్ని ఒక్కరినే చూసి "సార్, మీరు కాస్త పక్కకు రండి" అన్నాడనుకోండి. మీరేం చేస్తారు? మొహం ముడుచుకుంటారు. వాచీ చూసుకుంటారు. ఇంతమందిలో నేనే దొరికానా అని లోలోపల ఉడికిపోతారు.

తప్పు! మహా తప్పు! అది పెట్టిపుట్టినవాళ్లకు గానీ దక్కని భాగ్యం. మనిషిని మనిషి తేరిపార చూసే చోటు ఈ రోజుల్లో ఇంకెక్కడుంది? నమ్మకం కుదరనివాళ్లు పళ్ల మాస్టారి సంగతి వినాలి.

పళ్ల మాస్టారంటే అరటిపళ్లూ బత్తాయిలూ అమ్మే మనిషి కాదు. కట్టుడు పళ్లు తయారుచేసే కంపెనీలో పెద్ద పనిమంతుడు. ఊరూరా తిరిగి, దంతవైద్యుల దగ్గర పనిచేసేవాళ్లకు కొత్తరకం పళ్లు ఎలా అమర్చాలో, పై దవడకూ కింది దవడకూ సఖ్యత ఎలా కుదర్చాలో నేర్పుతుంటారు. వారంలో సగం ఆకాశంలో, మిగతా సగం ఎవరో ఒకరి నోట్లో!

ఇంతగా ఎగిరే మనిషిని విమానాల కంపెనీ ఊరికే వదులుతుందా? బంగారు రంగు కార్డు ఇచ్చింది. అది చూపించగానే కౌంటరులో అమ్మాయి కుర్చీలోంచి లేస్తుంది. "మళ్లీ మా విమానమే ఎంచుకున్నారు, చాలా సంతోషం సార్" అంటుంది. కిటికీ పక్క సీటు, చల్లటి నీళ్లు, చెవుల దాకా చిరునవ్వు. అల్లుడి మర్యాద!

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే సెక్యూరిటీ. అక్కడ అదే మనిషికి, అదే కారణానికి, దొంగ మర్యాద. ఇంత తరచుగా తిరుగుతున్నాడంటే ఏదో ఉండే ఉంటుంది కదా! ఒకే పొద్దున, ఒకే చొక్కాలో, రెండు జన్మలు ఎత్తే యోగం మామూలువాళ్లకు పడుతుందా?

మొదటిసారి పిలిచినప్పుడు మాస్టారు వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరినో అనుకుని.

"నన్నేనా?"

"మిమ్మల్నే సార్" అన్నాడు గుబురు మీసాల ఆఫీసరు. "మేం కాదు, కంప్యూటర్ ఎంపిక చేసింది."

"ఎలా ఎంపిక చేస్తుందండీ?"

"దానికెలా తోస్తే అలా. లాటరీ అనుకోండి."

మాస్టారి వంశంలో ఎవరికీ ఏ లాటరీలోనూ ప్లాస్టిక్ బకెట్ కూడా తగల్లేదు. ఇది మాత్రం మర్నాటి ప్రయాణంలో తగిలింది. ఆ తర్వాత వారం తగిలింది. పై వారం రానూ తగిలింది, పోనూ తగిలింది! కళ్లు మూసుకుని చీటీ తీసే ఆ యంత్రానికి మాస్టారి పేరు ఎంత బాగా కంఠతా వచ్చిందంటే, సొంత మేనత్తకు కూడా అంత బాగా రాదు.

ఇక బ్యాగు సంగతి.

"ఇందులో ఏమున్నాయి సార్?"

"పళ్లు."

"పళ్లూ కూరగాయలూ కుదరవండీ. ఇక్కడే వదిలెయ్యాలి."

"ఆ పళ్లు కాదండీ, ఈ పళ్లు" అని మాస్టారు ఇకిలించి చూపించారు.

మీసాలాయనకు అది వెక్కిరింతలా తోచింది. చేతులకు తొడుగులు వేసుకుని బ్యాగు తెరిచాడు. లోపలి పెట్టె మూత తీశాడు. అంతే! బారులు తీరిన దవడలన్నీ ఆయన్ని చూసి ఒక్కసారిగా నవ్వాయి. వరసలో ఉన్న ఒక పెద్దావిడ కెవ్వుమంది. ఎక్స్‌రే తెర ముందు కూర్చున్న మనిషి, తను ఇందాకట్నుంచి చూస్తున్నదేమిటో అప్పుడు అర్థమై, మంచినీళ్లు అడిగాడు.

అయ్యా, ఈ తనిఖీల వల్ల మాస్టారికి ఒనగూడిన లాభాలు చెప్పుకుంటూపోతే ఈ పేజీ చాలదు. ఇంట్లో ఆవిడ ఏళ్ల తరబడి మొత్తుకున్నా పారెయ్యని చిల్లుల సాక్సులు, బూట్లు విప్పమన్న మొదటిరోజే చెత్తబుట్ట పాలయ్యాయి. సంసారం సాధించలేనిది సెక్యూరిటీ సాధించింది! బెల్టు తీయగానే ప్యాంటు జారకుండా పొట్ట బిగబట్టడం అలవాటై, పొట్ట కాస్త తగ్గింది. చేతులు బార్లా చాపి నిలబడీ నిలబడీ, పాత భుజం నొప్పి ఎటు పోయిందో పోయింది.

అదే నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన తెర మీంచి కళ్లెత్తకుండా మాత్రలు రాసి పంపాడు. ఇక్కడో? నిలువెల్లా తడిమి, "ఇక్కడ గట్టిగా ఉందేంటి సార్?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. కళ్లజోడు డబ్బా అని తేలేదాకా వదల్లేదు. ఏ డాక్టరుకుందండీ అంత శ్రద్ధ?

పైగా ఎన్ని ప్రశ్నలు! ఎక్కణ్ణుంచి వస్తున్నారు? ఎందుకు వెళ్తున్నారు? అక్కడ మీకు ఎవరున్నారు? బ్యాగు మీరే సర్దుకున్నారా? ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు కంపెనీవాళ్లు కూడా ఇంత ఆసక్తి చూపలేదు. వాళ్లు "ఎప్పుడు చేరతారు?" అని ఒక్కటే అడిగారు.

ఇదంతా మాస్టారు ఇంటికొచ్చి అభినయించి చెప్పేవారు. సోఫాకీ టీవీకీ మధ్య నిలబడి చేతులు చాపి, తనే మీసాలాయనై, తనే పెద్దావిడై, చివరకు దవడల పాత్ర కూడా తనే వేసేవారు. ఆవిడ నవ్వలేక పొట్ట పట్టుకునేది. "ఆపండి మహాప్రభో, స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి!" అనేది. ఆఫీసు క్యాంటీన్‌లో అయితే మాస్టారు రాగానే కుర్చీలు దగ్గరికి జరిగేవి. "ఈసారి ఎక్కడ తడిమారు మాస్టారూ?" అని అడిగితే చాలు, మళ్లీ మొదలు!

ఇలా నవ్వుల మీద నవ్వులుగా రోజులు గడుస్తుండగా కూతురి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

ఆ అమ్మాయి వేరే ఊళ్లో ఒక నాటక బృందంలో ఉంది. ఇన్నాళ్లూ తలుపు తీయడం, దీపం పట్టుకుని నిలబడటం తప్ప వేషమంటూ దక్కలేదు. ఇప్పుడు ఏకంగా పెద్ద వేషం. గయ్యాళి ముసలమ్మ!

"నాన్నా, నాకు ఎత్తుపళ్లు కావాలి. చూడగానే జనం జడుసుకోవాలి."

మాస్టారు పొంగిపోయారు. కంపెనీలో అందరూ ఇళ్లకు వెళ్లాక ఆగి, మైనం కరిగించి, అచ్చు పోసి, ఆకురాయితో అరగదీసి, స్వయంగా తయారుచేశారు. జీవితమంతా వంకర పళ్లను తిన్నగా చేసిన మనిషి, మొదటిసారి తిన్నని పళ్లను ఎంతో ప్రేమగా వంకర చేశారు. ముందు రెండూ గునపాల్లా పెట్టారు. పక్కన ఒక సందు వదిలారు. గార పట్టిన రంగు కోసం టీ డికాక్షన్‌లో నానబెట్టారు. అంత అందమైన అసహ్యం ఆయన చేతి మీదుగా ఎప్పుడూ రాలేదు.

ఆట మధ్యాహ్నం. పొద్దున్నే విమానం. ఈసారి ఆవిడ కూడా బయల్దేరింది.

"ఇన్నాళ్లూ మీరు చెప్తుంటే వినడమేగా, ఇవాళ కళ్లారా చూస్తాను" అంది సంబరంగా.

చూసింది. కౌంటరులో అల్లుడి మర్యాద అయింది. నాలుగడుగులు వేశారు. ఆవిణ్ణి సరాసరి పంపించి, మాస్టారిని పక్కకు రమ్మన్నారు. ఆవిడ ఇనప కుర్చీలో కూర్చుని, ఆయన బూట్లు ఒళ్లో పెట్టుకుని, నవ్వడానికి సిద్ధమైంది.

ఆ రోజు మీసాలాయన లేడు. ఇస్త్రీ మడత చెదరని కొత్త ఆఫీసరు ఉన్నాడు. పెట్టె తెరిచి, రెండు వేళ్లతో ఆ ఎత్తుపళ్లను పైకి తీశాడు.

"ఏంటివి?"

"మా అమ్మాయి పళ్లండీ."

కొత్త ఆఫీసరు ఊపిరి బిగబట్టాడు. "మీ అమ్మాయి పళ్లు మీ బ్యాగులో ఎందుకున్నాయి సార్?"

ఆ ప్రశ్నకు మర్యాదస్తుడైన తండ్రి చెప్పదగ్గ జవాబు ఏదైనా ఉందా, మీరే చెప్పండి!

"నాటకం కోసమండీ. ముసలమ్మవి."

"ముసలమ్మవా, అమ్మాయివా?"

"అమ్మాయే ముసలమ్మండీ."

"మీ అమ్మాయి వయసెంత?"

"పాతికేళ్లు."

ఆఫీసరు ఫోను తీసి పై ఆఫీసరును పిలిచాడు. పై ఆఫీసరు వచ్చి, పళ్లను దీపానికి అడ్డంగా పట్టి చూసి, ఇంకొకాయన్ని పిలిచాడు. ముగ్గురూ కలిసి ఆ గార రంగును దూదితో తుడిచి, ఆ దూదిని ఒక యంత్రంలో పెట్టి, అది ఏం చెబుతుందా అని చూస్తూ నిలబడ్డారు. అది టీ అని చెప్పడానికి యంత్రం ఎందుకో చాలాసేపు ఆలోచించింది.

ఆవిడ ఇక ఉండబట్టలేక లేచింది. "ఏమండీ బాబూ, పెళ్లయిన దగ్గర్నుంచి ఈయన జేబులు నేను వెతుకుతున్నాను. నాకే ఏమీ దొరకలేదు, మీకేం దొరుకుతుంది?"

"మేడమ్, మీరు కూర్చోండి" అన్నాడు ఆఫీసరు. కాస్త గట్టిగానే అన్నాడు.

ఆవిడ కూర్చుంది. అప్పుడు చూసింది మాస్టారి మొహం. ఆయన రబ్బరు చాప మీద చేతులు చాపి నిలబడి నవ్వుతున్నారు. ఆఫీసరు మాట్లాడినా నవ్వు. మాట్లాడకపోయినా అదే నవ్వు. వెనక్కి తిరగమంటే అదే నవ్వుతో తిరిగారు. ఇంట్లో సోఫా ముందు నిలబడి నవ్వే నవ్వు కాదది. కంపెనీ అట్టపెట్టె మీద నోరొక్కటే అచ్చువేసి ఉంటుందే, ఆ నవ్వు. నుదురు మాత్రం చెమటతో తడిసిపోయింది.

ఎట్టకేలకు పళ్లు నిర్దోషులని తేలింది. మాస్టారు "థాంక్యూ సార్" అన్నారు. ముగ్గురికీ విడివిడిగా మూడుసార్లు అన్నారు. బూట్లు వేసుకుంటుంటే లేసు ముడి పడలేదు.

వాళ్లు పరుగున వెళ్లేసరికి గేటు మూసేశారు. అద్దంలోంచి విమానం కనిపిస్తూనే ఉంది. తలుపులు వేసుకుని, తాపీగా వెనక్కి జరుగుతోంది. తర్వాతి విమానానికి సీట్లు మార్పించుకుని, ఇద్దరూ కిటికీ దగ్గర బెంచీ మీద కూలబడ్డారు.

"ఏమండీ, మీకు కోపం రాదా?" అంది ఆవిడ.

"ఎక్కడ, అక్కడా?" మాస్టారి మొహాన ఆ నవ్వు ఇంకా పూర్తిగా దిగలేదు. "ఒకసారి వచ్చింది. ప్రతిసారీ నేనేనా అని గొంతు పెంచాను. లోపలి గదికి తీసుకెళ్లారు. దానికి కిటికీ లేదు. కూర్చోమని చెప్పి వెళ్లిపోయారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు. నేనేం తప్పు చేశానా అని కూర్చుని వెతుక్కున్నాను. అప్పట్నుంచి నవ్వుతున్నాను."

"మరి మాతో ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పానుగా, ఇంటికొచ్చిన ప్రతిసారీ." ఆయన బ్యాగు జిప్పు సరిచేసుకున్నారు. "మీరంతా పడీపడీ నవ్వుతుంటే, అది నిజంగా తమాషాగానే జరిగిందేమో అనిపించేది. హాయిగా ఉండేది."

ఆవిడ వంగి, ఊడిపోయిన ఆయన బూటు లేసు గట్టిగా ముడివేసింది.

వాళ్లు నాటకశాల చేరేసరికి జనం వెళ్లిపోయారు. కుర్చీల మధ్య ఒకతను ఊడుస్తున్నాడు. అమ్మాయి తెల్ల విగ్గు ఒళ్లో పెట్టుకుని స్టేజీ అంచున కూర్చుని ఉంది. వీళ్లను చూడగానే గెంతింది.

"పళ్లు లేకుండానే లాగించేశాను నాన్నా! పెదాలు ఇలా లోపలికి మడిచేశా. బోసినోటి ముసలమ్మ! ముందు వరసలో ఒకాయన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. మీరేంటి, ఎందుకింత ఆలస్యం?"

మాస్టారు నోరు తెరిచారు. అలవాటు ప్రకారం చేతులు చాపి, మీసాలు మెలేసి, మొదలుపెట్టబోయారు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"తమాషాగా వద్దు. జరిగింది జరిగినట్టు చెప్పండి."

మాస్టారు కూతురి వైపు చూశారు. ఖాళీ హాలు వైపు చూశారు. మెట్లెక్కి స్టేజీ మధ్యకు వెళ్లి మొదలుపెట్టారు చూడండీ! కంప్యూటర్‌ని తిట్టారు. దానికి తోచడాన్ని తిట్టారు. బంగారు కార్డును, రబ్బరు చాపను, కిటికీ లేని గదిని, టీని గుర్తుపట్టలేని యంత్రాన్ని పేరుపేరునా తిట్టారు. "నా బిడ్డ మొదటి ఆట! మొదటి ఆట!" అని పైకప్పు అదిరేలా అరిచారు. ఊడుస్తున్నతను చీపురు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయేదాకా అరిచి మాస్టారు ఆగేసరికి, అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. ఆయన మొహాన నవ్వన్నది ఎక్కడా లేదు. ఎన్నో ఏళ్లు చిన్నవాడిలా ఉన్నారట. ఆవిడే చెప్పింది.

కనుక పాఠక మహాశయులారా! మిమ్మల్ని పక్కకు పిలిస్తే బెంగపడకండి. అది ఆరోగ్యం, అది వ్యాయామం, అది ఆప్యాయత. కంప్యూటర్ చాలా మంచిది. ఎవరి మీదా దానికి పగ లేదు. ఆఫీసర్లు బంగారం. లోపలి గది కూడా చాలా చల్లగా ఉంటుందని విన్నాను. ఈ వ్యాసంలో ప్రతి మాటా నేను మనస్ఫూర్తిగా, చెవుల దాకా నవ్వుతూ రాశానని ఇందుమూలంగా సంబంధిత అధికారులందరికీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

సోమవారం నాకూ విమానం ఉంది.