మెతూషెల ఇంకా బతికే ఉన్నాడు

ఇంగ్లండులో రాజుగారు తిరిగి గద్దెనెక్కిన మరుసటి ఏడు, సృష్టి ఒక ఆదివారం నాడు మొదలైందని వెల్‌కోంబ్ పట్టణం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఏ ఆదివారమో తేల్చినవారికి పెద్ద చర్చి ప్రధాన గురువు పదవి ఇస్తామని బిషప్పుగారు ప్రకటించారు. రోగులను పరామర్శించడం వంటి చిల్లర అర్హతలను ఈసారి పరిగణించలేదు.

ఆ పదవి తనదేనని పాదిరి ఒబదయా పెన్‌రోజ్ నమ్మకం. గ్రీకు బైబిలు తెరిచి, ఎవరు ఏ వయసులో ఎవరిని కన్నారో కూడుకుంటూ ఆదాము దాకా వెళ్లారాయన. అంతా సరిపోయింది, ఒక్క నోవహు తాత మెతూషెల తప్ప. ఆ పెద్దాయన తొమ్మిది వందల అరవై తొమ్మిదేళ్లు బతికి తీరాలి. అలా బతికితే జలప్రళయం దాటాక కూడా పద్నాలుగేళ్లు ఉన్నట్టు తేలుతోంది. నోవహు ఓడ మాత్రం ఆయన ఎక్కలేదు; అది ఎక్కనివాళ్లెవరూ ప్రళయంలో మిగల్లేదు.

పదవి అక్కడ ఆగిపోయింది. పట్టణం యావత్తూ ఆందోళన చెందింది.

"ముసలాయనకెలా ఉందండీ?" అని మాంసం కొట్టు బార్నబీ రోజూ అడిగేవాడు.

"ఇంకా బతికే ఉన్నాడు," అనేవారు పెన్‌రోజ్ దిగులుగా.

"ఈతొచ్చేమో కనుక్కోండి."

ఇంట్లో భార్య గ్రిజెల్ విసిగిపోయింది. "మీ సొంత తాతనైనా ఇంతలా కనిపెట్టుకుని ఉన్నారుటండీ? హీబ్రూ బైబిల్లో వయసులు వేరట, ఆయన ప్రళయం ఏడాదే పోయాడటగా. అదే రాసెయ్యరాదూ?"

"హీబ్రూ లెక్కయితే లోకం వయసు వెయ్యేళ్లకు పైగా తగ్గిపోతుందే. బిషప్పుగారికి పాత లోకమే ఇష్టం."

"అయితే ఆయనొక్కణ్ణీ హీబ్రూలో చంపండి. మిగతావాళ్లని గ్రీకులో బతకనివ్వండి."

శాస్త్రం ఆ విధంగా ముందడుగు వేసింది. "ఒక వృద్ధునికి కలిగిన స్వల్ప అసౌకర్యంతో సమస్త సృష్టికీ క్రమశిక్షణ నేర్పిన మహనీయులు," అని బిషప్పుగారు సభలో కొనియాడి పదవి అప్పగించారు.

కొద్ది రోజులకే, పేదలకు రొట్టెలు పంచే పెద్దలు కొత్త ప్రధాన గురువుగారి దగ్గరికి వచ్చి టోపీలు తీసి నిలబడ్డారు.

"అయ్యగారూ, ఈ చలికాలం లెక్క తేలట్లేదు. రొట్టెలు తక్కువ, ముసలాళ్లు ఎక్కువ. ఒక్కరూ పోయేలా లేరు."

"రొట్టెలు పెంచలేరా?"

"పన్ను కట్టేవాళ్లు ఊరుకోరండీ. తమరు ఇలాంటి వాటిలో చెయ్యి తిరిగినవారు కదా అని వచ్చాం."

 పెన్‌రోజ్ కుర్చీ ముందుకు జరుపుకుని, ఆ ముసలివాళ్లలో అందరికన్నా పెద్దవారి పేరు అడిగారు.