స్టిక్కరు కింది బటను

సుక్మా జిల్లా ఎర్రబోరు పక్క పల్లెకు చెందిన సోమవ్వకు ఫిబ్రవరి పదకొండో తేదీ ఉదయం పదకొండు గంటలకు చెవులు వినపడటం మొదలైందని సమస్త ప్రజలకు తెలియజేయడమైనది. పత్రికా ప్రకటన పదో తేదీనే సిద్ధమైంది కాబట్టి ఇందులో పొరపాటుకు తావు లేదు.

నా పేరు ఉమామహేష్. కోంటా బజారులో సెల్‌ఫోన్లకు కవర్లు అమ్ముతాను, గాజు అద్దాలు అతికిస్తాను. ఆమెకు చెవి మిషను పెట్టే ఆ కార్యక్రమానికి నన్ను సాంకేతిక విశేషజ్ఞుడి హోదాలో పిలిచారు. హోదాతో పాటు ఒక దండ, రెండు సమోసాలు ఇచ్చారు.

డెబ్బై ఏళ్ళ ముసలమ్మ చెవుల మీద సర్కారుకు అంత ప్రేమ ఎందుకు పుట్టిందని మీకు అనుమానం రాకూడదు. వస్తే చెబుతాను. సోమవ్వకు రోడ్డు పక్కన ఎకరన్నర చేనుంది. అక్కడ గోదాము కట్టాలని పైవాళ్ళు తలచారు. గ్రామసభ పెట్టి, “చేను ఇస్తావా?” అని ఆమెను మర్యాదగా అడిగారు. ఆమెకు వినపడలేదు, పలకలేదు. పలకలేదు గనక ఒప్పుకుందని రాసుకున్నారు.

సోమవ్వ మనవరాలి పేరు భీమే. పన్నెండో తరగతి చదివింది. చదివినవాళ్ళతో ఉండే ఇబ్బంది అదే. నేరుగా సుక్మా కచేరీకి పోయి, “మా అవ్వకు ఇనబడదు సారు. ఇనబడని మనిషి ఒప్పుకున్నదని ఎట్ల రాసిండ్రు?” అని అడిగింది.

ప్రశ్న న్యాయమైనదేనని అధికారులు అంగీకరించారు. అంగీకరించి, చేను సంగతి వదిలేసి చెవి సంగతి పట్టుకున్నారు. ముసలమ్మకు మిషను పెట్టి, నలభై రోజుల తర్వాత మళ్ళీ సభ జరిపి, మళ్ళీ అడగాలని తీర్మానించారు.

మిషను చాలా గొప్పది. బజారులో దొరికే పాతరకం చెవి మిషన్లు పెట్టుకోగానే వినిపిస్తాయి. ఇది అంత చౌకబారుది కాదు. బ్లూటూత్‌తో ఒక ఫోన్‌కు జతచేసి, ఆ ఫోన్‌లోంచి తెరిస్తేనే పలుకుతుంది. భీమే దగ్గర ఫోన్ ఉంది కాబట్టి దానికి జతచేస్తే సరిపోయేది. కానీ లబ్ధిదారుకు ఇచ్చేముందు అధికారి తన ఫోన్‌తో జతచేసి పరీక్షించాలి, ఆ ఫొటో పోర్టల్‌లో ఎక్కించాలి. ఈ పని చూసే అధికారి రాజ్‌కుమార్ సాబ్ ఆ బాధ్యతను స్వయంగా నిర్వర్తించారు. తర్వాత మిషను డబ్బీకి సర్కారీ నంబరు స్టిక్కరు వేయాల్సి వచ్చింది. నున్నగా ఉన్న చోటు చూసి వేశారు. జత విడదీసే బటను గుంట సరిగ్గా అక్కడే ఉంది.

ఇంటికి పోయాక భీమే ఫోన్‌కు మిషను చిక్కలేదు. వేరొక ఫోన్‌కు జతై ఉన్నానని చెప్పి ఊరుకుంది. ఆమె ఫోన్ ఆపి తెరిచింది. మిషను డబ్బీలో పెట్టి తీసింది. దగ్గరగా పెట్టింది, దూరంగా పెట్టింది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, డబ్బీ మీది గుంటలో సూదిమొనతో పది సెకన్లు నొక్కమన్నారు. నొక్కాలంటే స్టిక్కరు పీకాలి. పీకితే సర్కారీ ఆస్తికి నష్టం, కేసు అవుతుందని పంచాయతీ సచివ్, అంటే కార్యదర్శి, హెచ్చరించాడు.

ఎలుగుబంట్లు తిరిగే అడవిలోకి తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోయే ఊరది. రెండంగుళాల కాగితం ముక్కను గోటితో గీకడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. వాళ్ళను ఏమీ అనలేం. ఎలుగుబంటి ఒకసారి కరిచి వదిలేస్తుంది, ఇక్కడి కేసు వదలదు.

“మరి మీ ఫోన్‌లోంచైనా తీసేయండి” అని భీమే సాబ్‌ను అడిగింది. ఆడిట్ అయ్యేదాకా తీయడానికి వీల్లేదన్నారు. అర్జీ పెట్టింది. ముగ్గురు సభ్యుల కమిటీ జీపులో వచ్చి డబ్బీని పరిశీలించింది. స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉన్నందుకు సంతృప్తి వ్యక్తం చేసింది. స్టిక్కరు పీకనిదే బటను ఉందో లేదో తెలియదు కాబట్టి, లేదని భావించి ముందుకు పోవాలని రాసింది.

ఇక నా సంగతి. అద్దాలు పీకి అతికించడమే నా వృత్తి. ఆ స్టిక్కరు పీకి మళ్ళీ అతికిస్తే దేవుడికి కూడా తెలియదు. కానీ జిల్లాలో ఇంకా నలభై మిషన్లు పంచుతారట, వాటి మరమ్మతులు నాకే ఇప్పిస్తానని సాబ్ అన్నారు. అప్పటినుంచి నా గోళ్ళకు నిబంధనల మీద గౌరవం పెరిగింది.

నలభై రోజులు అయ్యాయి. సభ రోజున నూట పన్నెండు మంది కూర్చున్నాం. సోమవ్వ మిషను పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. రాజ్‌కుమార్ సాబ్ జీపు దిగి ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. మిషను తన యజమానిని గుర్తుపట్టి కలిసిపోయింది. అంతలో సాబ్‌కు ఫోన్ వచ్చింది. అవతలి మాట సాబ్ చెవికి పోకుండా సోమవ్వ చెవికి పోయింది.

ఏమీ వినపడక సాబ్ గొంతు పెంచారు. “హలో! ఆవాజ్ నహీ ఆ రహీ! హా, రిజిస్టర్ కల్ హీ లిఖ్ దియా నా? బస్ అంగూఠా బాకీ హై!” రిజిస్టరు నిన్ననే రాసేశారు కదా, వేలిముద్ర ఒక్కటే బాకీ అని దాని అర్థం. అడవి అవతలి ఊరికి కూడా వినపడి ఉంటుంది.

సోమవ్వ లేచి నిలబడింది. “ఓ సాబు! నీ మనిషి నా చెవుల చెప్పిండు. కాయితం నిన్ననే రాసిండ్రంట. ఇంక నన్ను అడిగేదేంది? నా చేను నేను ఇయ్య!”

సాబ్ నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి మేమూ నవ్వాం. సభలో ఇంకా ఎవరూ ప్రశ్న అడగలేదు కనుక ఆమె జవాబు చెల్లదని సచివ్ ప్రకటించాడు. మిషను లేనిపోని మాటలు వినిపిస్తోందని చెప్పి, తనిఖీ కోసం ఆమె చెవిలోంచి తీసి సాబ్ జేబులో వేశారు. అప్పుడు విధివిధానాల ప్రకారం ప్రశ్న అడిగారు. “చేను ఇస్తావా?”

ఆమెకు వినపడలేదు. భీమే ఆమె చెవిలో అరవబోతే, మూడో మనిషి జోక్యమని పక్కకు లాగారు. సోమవ్వ తల ఊపింది. నిలువుగానా అడ్డంగానా అన్నది నివేదికలో లేదు. వేలిముద్ర వేయమంటే చేతులు చంకల్లో దాచుకుంది. అలాంటప్పుడు సాంకేతిక విశేషజ్ఞుడి ధ్రువపత్రం చాలునట.

నేను రెండు పత్రాలు రాశాను. ఫోన్ మాటలు వినిపించినప్పుడు మిషను పాడై ఉందని మొదటిది. ప్రశ్న అడిగినప్పుడు, అంటే సాబ్ జేబులో ఉన్నప్పుడు, చక్కగా పనిచేసిందని రెండోది. రెంటి కిందా నా సంతకం ముద్దుగా వచ్చింది.

మర్నాడు భీమే ఒక కాగితం పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. సాబ్ ఫోన్‌లో అరిచిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి, విన్నవాళ్ళు సంతకం చేయాలని కింద గీతలు గీసింది.

“అన్నా, నువ్వు ఆడనే ఉంటివి గదా. ఇనబడలే?”

“గాలి ఎక్కువుందమ్మా” అన్నాను. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. ఆమె నా మొహం చూసి, కాగితం మడుచుకుని పక్క దుకాణానికి పోయింది. నాకు సిగ్గేసింది. మధ్యాహ్నం భోజనం వేళకు తగ్గిపోయింది.

ఆ కాగితం ఇప్పుడు చేతులు మారి మారి నలిగిపోయింది. దాని మీద రాసిన భీమే సంతకం కాక ఇప్పటికి ఒకే ఒక్క వేలిముద్ర ఉంది, చెవిటి సోమవ్వది. చెవులు నిక్షేపంగా ఉన్న మిగతా నూట పది మందిమీ ఇంకా ఆలోచిస్తున్నాం. ఇంతసేపూ చెప్పాను కాబట్టి ఇప్పుడు మీరూ విన్నవాళ్ళే. కింద గీతలు చాలా ఖాళీగా ఉన్నాయి. మిమ్మల్ని ఎరుగుదును గనక పెన్ను తేలేదు.