కామారెడ్డి ఇల్లు, ఎల్లారెడ్డి ధర

“ఈ తాలూకా మొత్తంల నేరాన్ని వాసన పట్టే ముక్కు ఒక్కటే ఉన్నది అవ్వా. అది నాదే,” అన్నాడు సిద్దిరాములు, ఆ ముక్కునే చీదుకుంటూ.

ఎల్లారెడ్డిలో అతను దర్జీ. మద్రాసు నుంచి వచ్చే అపరాధ పరిశోధన నవలలు చదివి చదివి, రెండేళ్లుగా తానూ పరిశోధకుడినే అంటున్నాడు. ఇంతవరకు ఛేదించిన కేసు ఒకటే, పోయిన కత్తెర. ఊరంతా సోదా చేశాక అది అతని చంకలోనే దొరికింది. తలచుకుంటే అతనికే నవ్వొచ్చేది.

ఎంకవ్వ కేసు అట్లాంటిది కాదు. ఎల్లారెడ్డిలో ఇల్లు అమ్మితే ఆమెకు మూడు వందల నిజాం సిక్కా రూపాయలు వచ్చాయి. ముప్పై ఏళ్లు కూలి చేసి కట్టుకున్న ఇల్లది. ఇక కామారెడ్డి స్టేషను దగ్గర ఇల్లు కొని, రైలు దిగేవాళ్లకు ఉడకబెట్టిన గుడాలు, చాయ అమ్ముకుని బతకాలని ఆశ. అక్కడ అంత ఇల్లు ఏడు వందలకు తక్కువ లేదు. బాలమల్లు అనే ఆయన మాత్రం మూడు వందలకే ఇస్తానన్నాడు.

“రైలున్న ఊరికి, రైలు లేని ఊరికి ఒక్క తీరు ధర ఎట్లయితది? అది ఖూనీ జరిగిన ఇల్లు అవ్వా,” అన్నాడు సిద్దిరాములు.

“ఎవరు సచ్చిండ్రు?”

“గదే కనుక్కోవాలె.”

ఇద్దరూ బస్సెక్కి కామారెడ్డిలో దిగారు. ఇల్లు కొత్త సున్నంతో తెల్లగా మెరుస్తోంది. బాలమల్లు తలుపు తీసి పక్కన నిలబడ్డాడు. సిద్దిరాములు మెడలోని టేపు తీసి ఇంటిని బయట కొలిచాడు, లోపల కొలిచాడు. ముఖం వెలిగిపోయింది.

“బయట ఇరవై అడుగులు. లోపల పదిహేడే. మూడడుగులు యాడికి వోయినయి బాలమల్లూ? రహస్యపు అర ఉన్నది. అండ్ల శవమున్నది.”

బాలమల్లు కంగారుగా గోడల వైపు చూశాడు.

“గోడల మందం కొడుకా,” అంది ఎంకవ్వ. “ఇటు అడుగున్నర, అటు అడుగున్నర.”

సిద్దిరాములు చెవులు వేడెక్కాయి. అంగీకి కుట్టు కోసం గుడ్డ వదలడం తెలిసినవాడు ఇంటికి గోడ వదలడం మరిచిపోయాడు. పోయిన పరువును ఎట్లా నిలబెట్టుకోవాలో తెలియక, గాఢంగా ఆలోచిస్తున్నట్టు గోడకు భుజం ఆనించి నిలబడ్డాడు.

గోడ కూలింది. దానితోపాటు అతనూ.

లేచేసరికి ఒళ్లంతా మట్టి, మట్టినిండా చెదలు. గోడ లోపలంతా గుల్ల. ఇన్నాళ్లూ దాన్ని నిలబెట్టింది సున్నమే.

బాలమల్లు తల పట్టుకుని కూలబడ్డాడు. “నిజామాబాదుల నౌకరి దొరికింది అవ్వా. ఎట్లన్న వదిలించుకుందామని దాచిన. తప్పయింది. రెండు వందలియ్యి. జాగకే గంత అయితది. మిగిలిన వందతోని గోడ పెట్టించుకో.” తర్వాత సిద్దిరాములు వైపు భయంగా చూశాడు. “గానీ అన్నా, గా గోడ గుల్లదని నువ్వెట్ల అనుకున్నవు?”

సిద్దిరాములు ఒక గంభీరమైన వాక్యం కోసం వెతికాడు. నోట్లో మట్టి తప్ప ఏమీ దొరకలేదు.

“అనుకోలే,” అన్నాడు. “ఉట్టిగ ఆనుకున్న.”

కొంగుముడి విప్పబోతున్న ఎంకవ్వ ఆగింది.

“అయితే ఇంక మూడు గోడలున్నయి కొడుకా. వాటికి సుత గట్లనే ఆనుకో.”

ఆనుకున్నాడు. మొదటిది కదల్లేదు. రెండోదీ కదల్లేదు. మూడోదాని ముందు భుజం సర్దుకునేసరికి, బాలమల్లు ఉరికొచ్చి అడ్డం నిలబడ్డాడు.

“ఒద్దు అన్నా. ఇంకో యాభై తగ్గిస్త.”