కుందేళ్లకు కట్టిన వేప మండలు

ఆ ఆదివారం కోసం దేవిదాస్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చీకటితోనే లేవాలి. మటన్ దుకాణంలో మొదటి యాట తెగే వేళకు అక్కడ నిలబడాలి. తలకాయ తేవాలి. పగటి బస్సులో మెండోర నుంచి దిగే అన్న దేవన్నకు దాన్ని వండించి, దగ్గర కూర్చుని వడ్డించాలి. దేవిదాస్ ఆర్మూరు పసుపు మార్కెట్లో, రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఓ ఆడ్తి దుకాణం గుమాస్తా. బస్తా మూతి విప్పకుండానే లోపల కొమ్ము ఎండిందో లేదో చెప్పేవాడని పేరు. ఇంటి విషయాలకు వచ్చేసరికి మాత్రం ఆ తెలివినంతా దుకాణంలో పెట్టి తాళం వేసి వచ్చేవాడు.

ఆ తలకాయకు వెనక ఓ కథ ఉంది. కొన్నేళ్ల కిందట ఇంటివాళ్లంతా కలిసి పోచమ్మకు యాటను కోసినప్పుడు, మాంసం వాటాలుగా పంచి పోగులు వేసే పని దేవిదాస్ మీద పడింది. తలకాయ ఇంటి పెద్దకొడుక్కి పోవాలన్నది వాళ్ల రివాజు. దేవిదాస్ ఆ రోజు బావమరిది మొహమాటానికి పోయి దాన్ని ఆయన సంచిలో వేశాడు. దేవన్న అది చూశాడు. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, ఎడ్లబండి కట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లు జరిగినా, ఎన్ని చావులు జరిగినా అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చోవడమే గాని మాట్లాడుకున్నది లేదు.

దేవిదాస్‌కు అన్నంటే ప్రాణం. తండ్రి పోయాక తనను భుజాల మీద ఎక్కించుకుని బడికి మోసింది ఆయనే. తప్పయిందని ఒక్క మాట అంటే పోయేది. ఆ ఒక్క మాటే అతను అనలేకపోయాడు. చివరికి ఈ మధ్య ఓ పెళ్లిలో అతని భార్య నీలవ్వే బావగారి ముందు కొంగు చాచి, ఒక్క పూట వచ్చి తినిపొమ్మని అడిగింది. దేవన్న నేల చూస్తూ సరేనన్నాడు. తర్వాత ఆమెను కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, కుందేళ్లను పెంచుతున్నారట కదా, అవి ఏం తింటాయి అని అన్నీ అడిగాడు కూడా. తమ్ముడి సంగతి ఒక్కటే అడగలేదు.

కుందేళ్లు రెండు. నిజామాబాద్‌లో ఉండే చుట్టాలు ఇల్లు మారుతూ అంటగట్టినవి. నీలవ్వ వాటికి అన్నం, రొట్టెలు, తీపి బిస్కెట్లు పెట్టి కన్నబిడ్డల్లా సాకింది. అవి ఆమె పెట్టినవి తిని, పెట్టనివి కొరికాయి. నులకమంచం కోడు, దేవిదాస్ చెప్పుల పట్టీలు, చాప అంచు, రేడియో తీగ, దేన్నీ వదల్లేదు. పశువుల దవాఖాన కాంపౌండర్ ధర్మయ్యకు చూపిస్తే ఆయన ఓ కుందేలు మూతి విప్పి చూసి, తిండి తప్పుగా పెడుతున్నారని తేల్చాడు. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయట. దానికి రోజంతా గడ్డి నమలాలి, కొమ్మ బెరడు కొరకాలి, లేకపోతే పళ్లు పెరిగి మూతి మూసుకోదట. మందు చల్లిన చేలల్లోది తేవద్దన్నాడు, వేప మండలు మంచివన్నాడు. కడిగి, తడి ఆరేదాకా గాలికి వేలాడదీసి అప్పుడు పెట్టాలి, తడి ఆకు తింటే కడుపు ఉబ్బుతుందని గట్టిగా చెప్పాడు.

శనివారం పొద్దుగూకే వేళకు దేవిదాస్ వేప మండలు విరుచుకొచ్చి, కడిగి, వేలాడదీసే చోటు కోసం ఇల్లంతా తిరిగాడు. పెరట్లో కడితే పక్కింటి మేక గోడ దూకుతుంది. లోపల గాలి ఆడదు. వీధి తలుపు మీద పండగ తోరణాల మేకులు కనిపించాయి. గాలి బాగా తగిలే చోటు. ఆ చివర ఓ కట్ట, ఈ చివర ఓ కట్ట కట్టి, పని చక్కగా అయిందని సంతోషపడ్డాడు. పొద్దున్నే తీసెయ్యమని నీలవ్వ చెప్పింది. అతను ఊ కొట్టాడు. తెల్లారి సైకిలు పెరట్లో ఉండటంతో పెరటి దారినే వెళ్లిపోయాడు. వెనక నీలవ్వ, బావగారు వస్తున్న రోజు కదా అని, వంచిన తల ఎత్తకుండా గడపకు నిండుగా పసుపు పూసి, చీమలు రాకుండా వాకిట్లో పసుపు నీళ్లు చల్లి, తలుపు దగ్గరికి వేసి వంటింట్లోకి పోయింది.

తలుపుకు వేప మండలు, గడపకు పసుపు, దగ్గరికి వేసిన తలుపు. ఈ మూడూ కలిస్తే ఏమిటో ఆ వైపు ఎవరినడిగినా చెబుతారు. ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసింది. ఇక బయటివాళ్లు లోపలికి పోకూడదు, లోపలివాళ్లు గడప దాటకూడదు, పొయ్యి మీద తాలింపు వాసన రాకూడదు, నీసు ముట్టకూడదు. నీళ్లు పోసి తల్లిని సాగనంపేదాకా ఇల్లు ఆమెది. ఎనభైల చివరి ఆ ఎండాకాలంలో పక్కనున్న పెర్కిట్ వైపు అప్పటికే కొన్ని ఇళ్లలో పోసి ఉంది కాబట్టి, పాలు పోసే రత్నవ్వకు అనుమానం కూడా కలగలేదు. పాలచెంబు ఎదురింటి అరుగు మీద పెట్టి, దండం పెట్టుకుని, నేరుగా లసుమవ్వ దగ్గరికి పోయింది.

లసుమవ్వ ఆ గల్లీలో అమ్మవారి వ్యవహారాలకు పెద్దదిక్కు. చెంబులో నీళ్లు, పసుపు, వేపాకు కలుపుకుని నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చి, గడప ముందు ఆ నీళ్లు తల్లి పేర ధార కట్టి సాక పోసి మొక్కింది. చప్పుడుకు నీలవ్వ అల్లం చేతులతో బయటికి వచ్చింది. అందరూ పైకి చూస్తున్నారని తనూ చూసింది. చూడగానే సంగతి తెలిసింది.

"మా ఇంట్ల ఎవ్వలకేం కాలేదవ్వా. గవి కుందేళ్లకు కట్టిన మండలు" అంది.

"తల్లి వచ్చిన ఇంట్ల కాలేదు, లేదు అనద్దు బిడ్డా" అంది లసుమవ్వ మెల్లగా. "ఏడున్నడు నీ పెనిమిటి?"

పొద్దున్నే బయటికి పోయాడని నీలవ్వ నిజమే చెప్పింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదివారం ఎండ మొహాన పడినా లేవని దేవిదాస్ చీకటితో లేచి పోవడమా? మనిషి లోపల పడి ఉన్నాడు, ఈ పిల్ల భయపడి దాస్తోందని అందరికీ అర్థమైపోయింది. లసుమవ్వ గడప బయటి నుంచే పొయ్యి ఆర్పించింది. మసాలా నూరడం ఆపించింది. నీలవ్వకూ లోపల పీకుతూనే ఉంది, కాదు కాదంటూ పోతే తల్లికి నిజంగానే కోపం వస్తే ఎట్లా అని. దాంతో ఇక వాదించకుండా చేతుల అల్లం కడుక్కుంది.

సరిగ్గా అప్పుడు దేవిదాస్ హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని, సైకిలు మీద ఈల వేసుకుంటూ వచ్చాడు. అమ్మవారు పోసిన ఒంటితో, చేతిలో మాంసంతో, నడిగల్లీలో. ఆడవాళ్లు పక్కకు జరిగారు. మనిషి నిక్షేపంగా ఉన్నాడనుకునే వీలు లేకుండా, ఎండకు లేచిన చెమటకాయలు అతని మెడ నిండా ఉన్నాయి. రత్నవ్వ ఓ కట్టెతో ఆ సంచిని ఎత్తి దూరంగా పట్టుకుపోయింది. దాన్ని ఎక్కడ పారేసిందని ఎవరూ అడగలేదు. పగటికి ఆమె ఇంటి వైపు నుంచి తలకాయ కూర వాసన మాత్రం కమ్మగా వచ్చింది.

దేవిదాస్ కుందేళ్ల పళ్ల సంగతి మొదటి నుంచి చెప్పాడు. ఎంత వివరంగా చెబితే అంత కల్లలా వినిపించింది. ఆఖరికి విసుగెత్తి, మండలు లాగెయ్యడానికి చెయ్యి పైకెత్తాడు.

"సాక పోసినంక గవి నీ మండలు గావు" అంది లసుమవ్వ. "తల్లివి. నీళ్లు పోసే దినం దాక ఎవ్వలు ముట్టద్దు."

ఎత్తిన చెయ్యి దిగిపోయింది. మార్కెట్లో వేలం పాట అయిపోయాక బస్తా రైతుది కాదు, ఎంత ఏడ్చినా వెనక్కి రాదు. ఆ లెక్క అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెచ్చిన తలకాయ పోయింది, పొయ్యి ఆరిపోయింది, అన్న వచ్చే వేళయింది. దేవిదాస్ గడప లోపల కూలబడి గల్లీ చివరి వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక దేవన్న వచ్చాడు. తెల్లటి ధోవతి, భుజం మీద ఓ ఆకుపచ్చటి మోపు. లసుమవ్వ గల్లీ మొదట్లోనే ఆపి చెప్పాల్సింది చెప్పింది. ఆయన వాకిలి ముందు దాకా వచ్చి నిలబడిపోయాడు. తలుపు మీది మండల వైపు చూశాడు, గడపలో తమ్ముణ్ణి చూశాడు. అంతటి మొండిమనిషి కళ్ల నుంచి నీళ్లు జలజలా కారాయి.

"తమ్మీ" అన్నాడు. అన్నేళ్ల తర్వాత మొదటి మాట అదే. "ఒక్క తలకాయ కోసం గిన్నేండ్లు నీతోని మాట్లాడకపోతిని. తప్పు నాదే. నా ఉసురే నీకు తాకినట్టుంది. అమ్మా, తల్లీ, నా తమ్ముణ్ణి సల్లగ చూడు, నీకు యాటను ఇస్త."

గల్లీలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. దేవిదాస్ ఏ మాట కోసం తపించిపోతున్నాడో ఆ మాట అన్న నోట వచ్చింది. తనూ ఏడ్చి, అన్నా అని ఊరుకుంటే ఆ రోజుతో అన్నీ తీరిపోయేవి. కానీ అన్న కంట నీళ్లు చూసి అతను తట్టుకోలేకపోయాడు. ఆ నీళ్లు ఆపాలన్న తొందరలో నిజం చెప్పేశాడు.

"అన్నా, ఏడ్వకు. నాకేం కాలేదు. గవి కుందేళ్లకు కట్టిన. వాటి పండ్లు పెరుగుతయట."

దేవన్న చెంపల మీద నీళ్లు అట్లాగే ఉండిపోయాయి. ఓ కిటికీ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తల్లి వచ్చినా రాకపోయినా నోటితో మొక్కిన మొక్కు ఇచ్చి తీరాల్సిందేనని లసుమవ్వ పక్క నుంచి గుర్తు చేసింది. మాట ఎటు పోతోందో చూసి దేవిదాస్ కంగారు పడ్డాడు. ఏదో ఒకటి చెప్పి అన్న మనసు చల్లార్చాలనుకున్నాడు.

"గా యాట తలకాయ ఈసారి నీకే పంపుత అన్నా" అన్నాడు.

ప్రేమతో అన్న మాటే అది. గల్లీ మాత్రం ఆపుకోలేక పగలబడి నవ్వింది. నవ్వు సద్దుమణిగేదాకా దేవన్న కదల్లేదు. తర్వాత భుజం మీది మోపును మెల్లగా కిందికి దించి, అరుగు మీద ఎండ తగలని చోట పెట్టాడు.

"కుందేళ్ల పండ్ల కోసం నన్ను నడిబజార్ల ఏడిపించినవ్, తమ్మీ" అని వెనక్కి తిరిగాడు.

దేవిదాస్ గడప దిగాడు. తల్లి ఉన్న ఇంటివాడు గల్లీ దాటకూడదని లసుమవ్వ అడ్డం నిలిచింది. తల్లి లేదని అతను, సాక పోశామని ఆమె, కుందేళ్లని అతను, మొక్కు అని ఆమె. ఆ ముసలామెను తప్పించుకుని పోవడానికి రెండడుగులు చాలు. ఆ రెండడుగులు వెయ్యకుండా అతను వాదన పెట్టుకున్నాడు. బస్టాండు చేరేసరికి మెండోర బస్సు వెళ్లిపోయింది. అన్న కోపాన్ని మించి ఆ వాదనే అతన్ని తర్వాత చాలా ఏళ్లు నిద్రపోనివ్వలేదు.

నీలవ్వ మోపు విప్పింది. లేత గరిక, జొన్నాకు, బెరడుతో ఉన్న సన్నటి తుమ్మ కొమ్మలు. మందు కొట్టని గట్టు మీదివి ఏరి, మట్టి కడిగి, తడి ఆరబెట్టి కట్టిన మోపు అది. ఏ కాంపౌండరూ చెప్పకుండానే అన్నీ ఆయనకు తెలుసు. కుందేళ్లు సాయంత్రం దాకా కరకరా నమిలాయి. మంచం కోడు జోలికి పోలేదు. పస్తున్న దేవిదాస్ గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. అన్నకు పెట్టాల్సిన ముద్ద పెట్టలేకపోయాడు గాని, అన్న తెచ్చిన మేత తన ఇంట్లో జీవాలు తింటున్నాయి. అది చూస్తుంటే అతనికి దుఃఖం ఆగలేదు.

తర్వాత తెలిసింది, దేవన్న మెండోరలో యాటను కోసి మొక్కు తీర్చాడని. ఆర్మూరుకు మాత్రం కబురు చెయ్యలేదు. దేవిదాస్ రెండుసార్లు అక్కడికి పోయాడు. రెండుసార్లూ అన్న పొలానికి పోయాడనే చెప్పారు.

లసుమవ్వ వేళ్ల మీద లెక్కగట్టి మంచి వారం చెప్పి, నీళ్లు పోయించి, రాని తల్లిని మర్యాదగా సాగనంపింది. అన్న అలక దిగే వారం ఏదో కూడా చూడమని దేవిదాస్ అడిగాడు. అది తన లెక్కకు అందేది కాదని ఆమె చెంబు తీసుకుని ఇంటికి పోయింది.