తూర్పు హద్దు గంగమ్మ

ఇల్లు పునాది మీద నిలుస్తుందనుకోవడం తాపీమేస్త్రీల అమాయకత్వం. ఇల్లు నిలిచేది నాలుగు హద్దుల మీద. ఈ సత్యాన్ని కాపాడడానికే 1955లో టెక్కలిలో సముద్రతీర గృహ పరిశీలనా సంఘం వెలిసింది. అధ్యక్షులు దక్షిణామూర్తి గారు, గుమాస్తాను నేను. (స్థలాన్ని కళ్ళారా చూస్తే నిష్పాక్షికత దెబ్బతింటుంది కనుక, సభ్యులెవరూ తీరానికి వెళ్ళరాదని మొదటి తీర్మానం.)

మా ముందుకొచ్చిన మొదటి దరఖాస్తు భావనపాడు దగ్గర ఇసకతిప్ప మీద పన్నెండు పెంకుటిళ్ళకు. అక్కడి పన్నెండు కుటుంబాల తరఫున పెట్టింది చేపలమ్ముకునే వరహాలు. కిందటి కార్తీకంలో తుఫాను ఆమె పాకను పట్టుకుపోయింది. మళ్ళీ వేసుకున్న పాకలో ఇప్పుడు కూతురు చిన్నమ్మికి నెలలు నిండుతున్నాయి. ఈ కార్తీకంలోగా పిల్లను గట్టి గోడల మధ్యకి చేర్చాలని ఆవిడ ఆరాటం. ఆరాటానికి ఫారంలో గడి లేదు. నేను హద్దులు అడిగాను.

"తూర్పున ఎవరు?"

"గంగమ్మ, బాబూ."

"అక్కడే కాపురమా?"

"ఇంకెక్కడికెల్తాది? ఆయమ్మ అక్కడే ఉంటాది. అప్పుడప్పుడు మా పాకల్లోకీ వత్తాది."

"మీకూ ఆవిడకీ తగాదాలున్నాయా?"

"తగాదాలేటి బాబూ! మేం తినేదంతా ఆయమ్మ ఎట్టిందే. కోపమొత్తే మాత్తరం ఎవుల మాటా ఇనదు."

"గంగమ్మ, కలిగినావిడ, ముక్కోపి" అని రాసుకున్నాను. పొరుగువారి సమ్మతి లేనిదే గోడ లేవకూడదని తొమ్మిదో నిబంధన. అభ్యంతరముంటే ముప్పై రోజుల్లో తెలపాలని ఆవిడ పేర నోటీసు తయారయింది. బిళ్ళబంట్రోతు అప్పలసూరి దాన్ని పట్టుకెళ్ళి, సాయంత్రానికి తడిపంచెతో తిరిగొచ్చాడు.

"గంగమ్మంటే సముద్రం బాబూ! నోటీసు సదివి ఒడ్డున ఎట్టినాను. పట్టుకుపోనాది."

"సంతకం?"

"సెయ్యనేదు."

తప్పు నాదేనని అధ్యక్షులవారికి విన్నవించుకున్నాను. కాని రికార్డుకెక్కిన పేరు కొట్టెయ్యాలంటే ఆ మనిషి వేలిముద్ర ఉండాలని పదకొండో నిబంధన. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "నోటీసు అందుకుంది కదటయ్యా, గడువు దాటనీ. ముందు ఆ భర్త పేరు గడి నింపు" అన్నారు. "శివుడు, కైలాసం, వేరుకాపురం" అని నింపాను. (అది తన పేరే అవుతుందని ఆయన కాస్త ఇబ్బంది పడ్డారు.)

వరహాలు సంతరోజు సంతరోజూ చేపల తట్ట గుమ్మం బయట దించి లోపలికొచ్చేది.

"ఆయమ్మ సెప్పి రాదు బాబూ. మబ్బు సూత్తే బయమేత్తంది. పిల్ల నొప్పులు పడే యేలకి ఒక్క గోడ సాలు."

నేను గడువు తేదీ చూపించేవాణ్ణి. ఆవిడకి చదువు రాదు. అయినా చూపించేవాణ్ణి.

గంగమ్మ ముప్పై ఒకటో రోజున వచ్చింది. మిట్టమధ్యాహ్నం పాకలన్నిటినీ, వాటితోపాటు ఇసకతిప్పనూ తీసుకుపోయింది. చిన్నమ్మి పక్క ఊరి బడి అరుగు మీద వానలో తడుస్తూ ప్రసవించింది. బిడ్డ రెండు రోజులు బతికింది.

సంఘం అత్యవసరంగా కూర్చుంది. ప్రతివాది స్వయంగా హాజరైన మాట వాస్తవమే గాని, ఒక రోజు ఆలస్యం కనుక ఆమె అభ్యంతరం చెల్లదని తేల్చింది. పన్నెండు ఇళ్ళూ మంజూరయ్యాయి, అదే స్థలంలో.

ఆ కాగితం వరహాలు చేతికిస్తుంటే సిగ్గుతో నా తల లేవలేదు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంజూరు సరే బాబూ. జాగా ఏదీ?"

అధ్యక్షులవారు నావైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను. అందులో ఒక్క గడి ఖాళీగా ఉండిపోయింది. "నీటి వసతి" అన్నచోట "పుష్కలం" అని రాసి, ఫైలు మూసేశాను.